ఏ పాఠంలోంచి?

ఏప్రిల్ 9

అక్కా,

ఫోనులో అయితే మనిద్దరికీ పది నిమిషాల్లో గొడవొస్తుంది కాబట్టి కాగితమే నయం. కాగితం మీద కనీసం ఒకరి మాట పూర్తయ్యాకే రెండోవాళ్ళు అరవగలరు.

పిట్ట చదువు సంగతి నీకు రాయాలి. నిన్న దాని బడికి వెళ్ళాను. ఏడాది చివర ఈ దేశంలో తల్లిదండ్రుల్ని పిలిచి, పిల్లల కుర్చీల్లో గుండ్రంగా కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి మాట్లాడతారు. టీచరమ్మ నవ్వుతూ ఒక కాగితం చేతిలో పెట్టింది. తొమ్మిదో తరగతి పిల్ల రిపోర్టులో ఒక్కటంటే ఒక్క అంకె లేదు. "ఆసక్తిగా వింటుంది. తోటివాళ్ళకి సాయం చేస్తుంది. తన ప్రశ్నతో చాలా దూరం వెళ్ళింది." ఇదీ రాత. "మరి లెక్కలండీ?" అన్నాను. "లెక్కలంటే ఇంకా భయం ఉంది. పోతుంది" అంది. ఎప్పుడు పోతుందమ్మా, దాని పిల్లలు లెక్కలు చేసేటప్పుడా?

దాని ప్రశ్న ఏమిటో చెబితే నువ్వు కూర పొయ్యి మీద మర్చిపోతావు. ఇక్కడ తొమ్మిదిలో ఎవరి ప్రశ్న వాళ్ళే ఎంచుకుని ఏడాదంతా దాని వెంట తిరగాలి. మనది ఎంచుకున్నది "మా వీధిలో పడ్డ వాన ఎక్కడికి పోతుంది?" అని. చినుకు పడితే చాలు, బూట్లు తొడుక్కుని మురిక్కాలవల వెంట పరుగు. కాలవల మ్యాపు కోసం మునిసిపాలిటీకి వెళ్ళి గుమాస్తాతో వాదించింది. రంగునీళ్ళు పోసి, ఎక్కడ తేలతాయా అని కాపలా కాసింది. చివరికి ఏం తేలిందే అంటే, "రెండుచోట్ల ఎటు పోతోందో తెలీలేదమ్మా!" అని పండగలా చెప్పింది. తెలీలేదని రాసినందుకు టీచరమ్మ అందరిముందూ మెచ్చుకుందట.

నేనుండబట్టలేక అడిగేశాను, అసలు బడి ఎందుకండీ అని. "తనకేం కావాలో తను తెలుసుకోడానికి" అంది. నాకేం కావాలో నాన్న చెప్పారు, నువ్వు చదివించావు, నేను పాసయ్యాను. ఆసుపత్రి మందుల కౌంటర్లో నిలబడి నా కాళ్ళమీద నేను బతుకుతున్నాను. ఇది కాలవలు చూసి ఏం బతుకుతుంది? మీ మరిదిగారిని అడిగితే ఎప్పుడూ ఒకటే మాట, "దాని ఇష్టం" అని.

నాకు దిక్కు తోచడం లేదు. నువ్వేమంటావో రాయి. నువ్వెలా చెబితే అలా.

నీ చెల్లి

*

ఏప్రిల్ 25

చెల్లీ,

ఇక్కడ అందరం బాగున్నాం, వంటింటి కుళాయి తప్ప. అది మళ్ళీ కారుతోంది. మీ బావగారు రబ్బరు ముక్క చుట్టి "ఇంక చూసుకో" అన్నారు. చూసుకుంటూనే ఉన్నాను, కారుతూనే ఉంది.

నీ ఉత్తరం బావగారికి చదివి వినిపించాను. కాలవల దగ్గర ఆయన నవ్వాపుకోలేక పేపరు అడ్డం పెట్టుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ బడిలో చదివే మిగతా పిల్లల సంగతి వేరు. వాళ్ళ నాన్న డాక్టరో, తాతది షాపో అయి ఉంటుంది. వాళ్ళు కాలవలు చూసినా, గాలిపటాలు ఎగరేసినా బతుకు ఆగదు. మన పిల్లకి వెనక ఏముంది? అక్కడ మీ ఇంటిపేరు పలకడం కూడా ఎవరికీ రాదు.

ఇక్కడి చదువు జల్లెడలాంటిదని నువ్వే ఒకప్పుడు తిట్టావు. కాదనను. అయితే జల్లెడకి ఎవరి నాన్న ఎవరో తెలీదు. పరీక్ష పేపరు ఎవరి మొహమూ చూడదు. నాన్నకి ఒక్కరినే చదివించే ఓపిక ఉన్నప్పుడు నన్ను పది పరీక్షకి ముందే ఆపి నిన్ను పంపారు. ఆ మాట ఎందుకెత్తానంటే దెప్పడానికి కాదు. తెల్లారకముందే నిన్ను లేపి, ముందర కూర్చుని, అప్పజెప్పించుకుని, నువ్వు కునికితే మొహాన నీళ్ళు చల్లిన దాన్ని కాబట్టి, పిల్లని ఎలా నిలబెట్టాలో నాకు తెలుసు. మా అబ్బాయినీ అలాగే నిలబెట్టాను. ఇప్పుడు వాడు హాస్టల్లో ఉన్నాడు, వాడి గది ఖాళీ.

పిట్టని నా దగ్గరికి పంపు. పదో తరగతి ఇక్కడ చదువుతుంది. ఒక్క ఏడాది. వచ్చే వేసవికి నీ చేతిలో పెడతాను, అంకెలతో సహా.

ఆలోచించుకుంటూ కూర్చోకు. ఆలస్యమైతే సీట్లుండవు.

అక్క

*

మే 30

అక్కా,

టికెట్టు తీసేశాం. పిట్ట రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మాత్రం "అక్కడ వాన ఎక్కువ పడుతుందా?" అని అడిగింది. పడుతుందన్నాను. సర్దుకోవడం మొదలెట్టింది.

కొన్ని చెప్పాలి. దానికి గది తలుపు మూస్తే నిద్ర పట్టదు. పాలు మీగడ లేకుండా తాగుతుంది. ప్రతిదానికీ ఎందుకు అంటుంది, విసుక్కోకు. ఎదురు చెప్పడం కాదది, ఇక్కడ అలా అలవాటు చేశారు. కాస్త దారిలో పెట్టు. మరీ కొయ్యబొమ్మని చెయ్యకు. ఎక్కడ ఆపాలో నీకు నేను చెప్పాలా?

విమానం దగ్గర మీ మరిదిగారు నా మొహం చూడకుండా "నువ్వూ, మీ అక్కా" అన్నారు. పెట్టె తోసుకుంటూ ముందుకెళ్ళిపోయారు.

చెల్లి

*

జులై 20

చెల్లీ,

పిట్ట తింటోంది, పడుకుంటోంది. తలుపు సగం తెరిచే ఉంచుతున్నాను. పాలు వడకట్టే ఇస్తున్నాను. ముందు ఇది రాయకపోతే తర్వాతది నువ్వు చదవవని తెలుసు.

బడి బాగుంది. తరగతిలో అరవైమంది. బెంచీకి ఐదుగురు, చివరి పిల్ల ఒక కాలు బయట పెట్టి కూర్చోవాలి. మన పిట్టది ఆ చివరి చోటే. లెక్కల మేష్టారు వెనక్కి తిరక్కుండానే "నాలుగో బెంచీ, నోరు" అంటారు, నాలుగో బెంచీ నోరు మూతపడుతుంది. అంత అదుపు.

పోయిన వారం ఒక గొడవైంది. సైన్సు పరీక్షలో మీ అమ్మాయి ఏం రాసిందో తెలుసా? "ఈ ప్రశ్నలో మొదటి సగం నాకు తెలుసు, పైన రాశాను. రెండో సగం తెలియదు. ఇలా అయి ఉండొచ్చని అనుకుంటున్నాను గానీ సరిచూసుకోలేదు." ఆ టీచరు తరగతిలో పైకి చదివింది. అరవైమందీ ఒకటే నవ్వు. హెడ్మాస్టరు నన్ను పిలిపించి పేపరు ముందర పెట్టి, "ఏమ్మా, మీ పిల్ల పరీక్ష రాస్తోందా, మాకు ఉత్తరం రాస్తోందా?" అన్నాడు. "తెలీకపోతే ప్రశ్ననే కొంచెం అటూ ఇటూ మార్చి పేజీ నింపమనండి, ఎవరైనా రెండు మార్కులు వేస్తారు. తెలీదని ఒప్పుకుంటే ఎవడేస్తాడు?" అన్నాడు. చేతులు జోడించి, పిల్ల కొత్తండీ, ఇంకోసారి జరగదు అని చెప్పి వచ్చాను.

దారిలో ఇది నా కొంగు పట్టుకుని నిలబడిపోయింది. "పెద్దమ్మా, నేను అబద్ధం రాయలేదుగా, నువ్వెందుకు సారీ చెప్పావు? నేను అబద్ధం రాయాలా?" అంది.

"అబద్ధం రాయమని ఎవరన్నారే? తెలిసినట్టు రాయమన్నారు" అన్నాను.

ఇంటికొచ్చాం. తర్వాత ఆకలన్నది. పిల్ల తెలివైనది, సర్దుకుంటుంది. నువ్వేం బెంగపెట్టుకోకు.

అక్క

*

ఆగస్టు 12

అక్కా,

నీ ఉత్తరం చదివి మధ్యాహ్నం కౌంటర్లో ఒకరి మందులు ఇంకొకరికి ఇవ్వబోయాను. అదృష్టం బాగుండి ఆ ముసలాయనే "ఇవి నావి కావమ్మా" అన్నాడు.

నా పిల్ల తప్పేం చేసిందని చేతులు జోడించావు? ఇక్కడ అలా రాస్తే దానికి విలువిస్తారు. తెలిసింది ఎక్కడ ఆగిపోయిందో కనిపెట్టడం కూడా చదువేనంటారు. నాకూ అది కొత్తే, ఒప్పుకుంటాను. కానీ అరవైమంది ముందు నవ్వించడం చదువు కాదని చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. నీకు హెడ్మాస్టరుతో మాట్లాడటం ఇబ్బందిగా ఉంటే చెప్పు, మీ మరిదిగారు ఫోన్ చేసి మాట్లాడతారు.

ఆదివారం ఫోనులో పిట్ట గొంతు నీరసంగా వినిపించింది. ఏమ్మా అంటే "ఏం లేదు, ఆవర్తన పట్టిక" అంది. కాస్త ఆడుకోనివ్వు.

చెల్లి

*

అక్టోబర్ 18

చెల్లీ,

వెంటనే రాస్తే బాగుండదని ఇన్నాళ్ళు ఆగాను. ఆగినా ఇలాగే వస్తోంది, ఏం చెయ్యను.

హెడ్మాస్టరుతో మాట్లాడటానికి నాకు ఇంకొకరి సాయం అక్కర్లేదు. పదిలో ఆగిపోయిన దానికి మాటలు రావని నీకెవరు చెప్పారు? నువ్వు ఇంటర్‌లో తప్పితే మీ ప్రిన్సిపాలు గుమ్మంలో నిలబడి, నిన్ను మళ్ళీ పరీక్షకి కూర్చోబెట్టింది ఎవరో ఒకసారి గుర్తు చేసుకో. అప్పుడు నా వయసు పందొమ్మిది.

పిట్ట సంగతి. నేను కూరలు తరుగుతుంటే ఎదురుగా కూర్చుని అప్పజెబుతుంది. ఎక్కడ ఆగితే అక్కడ అందిస్తాను. పుస్తకం చూడకుండానే అందిస్తున్నాను. సగం పాఠాలు నాకే వచ్చేశాయి. ఆమ్లాలు, క్షారాలు, కాంతి వక్రీభవనం. నిన్న పప్పులో పోపు వేస్తూ త్రికోణమితి సూత్రాలు చదువుతుంటే బావగారు "నువ్వు కూడా ఫీజు కట్టెయ్యి, తల్లీ కూతుళ్ళు ఒకే బెంచీలో కూర్చోవచ్చు" అని వేళాకోళం. "తల్లీ కూతుళ్ళు" అన్నారు. పిట్ట దిద్దలేదు. నేనూ దిద్దలేదు.

మూడు నెలల కింద ఎందుకు, ఎందుకు అని నన్ను నమిలేసేది. ఇప్పుడు అడగదు. చెప్పింది రాసుకుంటుంది. ట్యూషన్ మేష్టారు "ఈ పిల్ల గాడిలో పడిందమ్మా" అన్నారు. మొన్నటి పరీక్షలో తరగతిలో మూడోది. పేపరు జతచేస్తున్నాను, అంకెలు కనిపించేలా మడిచాను.

వాన పడితే ఒకసారి కిటికీ దగ్గరికి వెళ్ళింది. చదువయ్యాక చూద్దువుగాని అన్నాను. వచ్చి కూర్చుంది.

నీకు నచ్చకపోతే ఇప్పుడే చెప్పు. మధ్యలో వేలు పెట్టకు.

అక్క

*

డిసెంబర్ 6

అక్కా,

తప్పయిపోయింది, ఆ ఫోన్ మాట నేను అలా అనుకుని రాయలేదు. మీ మరిదిగారు మగవాడు కదా, హెడ్మాస్టరు కాస్త జంకుతాడేమోనని రాశానంతే. నిన్ను తక్కువ చెయ్యడం నాకు చేతనవుతుందా?

పేపరు చూశాను. నిజం చెప్పనా? ఆసుపత్రికి పట్టుకెళ్ళాను. తోటివాళ్ళకి చూపించాను. మా కౌంటర్లో పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని చూసి "ఇన్ని మార్కులుంటాయా?" అంది. ఆ రోజంతా నా నడకే వేరు.

నీ మాటలో నిజముందని కూడా ఇప్పుడు అనిపిస్తోంది. మా పక్కింటావిడ కొడుకు పద్దెనిమిదేళ్ళవాడు, మొన్న వాళ్ళమ్మ మందులకి వచ్చాడు. సీసా నా ముందుకే తోసి "ఏం రాసుందో చదివి పెట్టండాంటీ" అన్నాడు. కళ్ళజోడు మర్చిపోయావా అంటే సిగ్గుగా నవ్వాడు. వాడికి చదవడమే సరిగ్గా రాదు. మా పిట్ట బడిలోనే చదివాడు. ఏటా రిపోర్టులో "ఉత్సాహవంతుడు" అని రాశారట. అందరూ మెచ్చుకున్నారు, ఒక్కరూ ఆపి కూర్చోబెట్టలేదు. పదహారేళ్ళకి "చదువు వద్దు" అంటే "నీ ఇష్టం, బాబూ" అని చెయ్యి కలిపి పంపేశారు. ఇప్పుడు గోదాములో అట్టపెట్టెలు మోస్తున్నాడు.

అందుకని నేనింక అడ్డు రాను. ఒక్కటే. ఆదివారం ఆదివారం పిట్ట ఫోనులో అవే మూడు మాటలు చెబుతోంది. "బాగున్నాను, అన్నం తిన్నాను, చదువుకుంటున్నాను." ఇంకేంటమ్మా అంటే "ఇంకేం చెప్పాలి?" అంటోంది. విసుగ్గా కాదు, నిజంగా ఏం చెప్పాలో అడుగుతున్నట్టు. నువ్వు పక్కన ఉంటావా? ఉంటే కాసేపు అవతలికి వెళ్ళు, ఏమీ అనుకోకు.

చెల్లి

*

మే 21

చెల్లీ,

ఈ ఉత్తరం పిట్ట కంటే ముందు చేరుతుందో, వెనక చేరుతుందో. చేరినప్పుడు చదువుకో.

తరగతిలో మొదటిది. బడిలో రెండోది. నూటికి తొంభై ఆరు. హెడ్మాస్టరు మన ఇంటికి వచ్చాడు, చెల్లీ! మన వంటింటి గుమ్మంలో నిలబడి మంచినీళ్ళు తాగి "మీరు చేసింది మా మేష్టార్లు చెయ్యలేకపోయారమ్మా" అన్నాడు. పిల్ల ఫొటో పెద్దది చేయించి బడి గేటుకి కట్టారు. కూరగాయలకి వెళ్ళినప్పుడల్లా ఆ దారినే వెళుతున్నాను. బావగారు "మార్కెట్టు ఇటు కదా" అంటారు. ఆయనకేం తెలుసు.

నువ్వు ఫోను పక్కన ఉండొద్దన్నావని ఆ ఆదివారం నుంచి పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని. నేను వెళ్ళగానే రెండు నిమిషాల్లో పెట్టేసి, "అయిపోయింది పెద్దమ్మా" అని వచ్చేది. ఇంక నేనేం చెయ్యను?

ప్రయాణం ముందు రోజు పెట్టె సర్దుతుంటే "ఏ బట్టలు తీసుకెళతావే?" అన్నాను. "నువ్వు చెప్పు" అంది. అన్నీ నేనే పెట్టాను. పెట్టెలో పైన మార్కుల కాగితం ప్లాస్టిక్ కవర్లో ఉంది. బయల్దేరేటప్పుడు నా భుజం మీద మొహం పెట్టి చాలాసేపు ఉండిపోయింది. ఏడవలేదు. నేనే ఏడ్చాను. ఇల్లు బోసిగా ఉంది. కూరలు తరుగుతూ నాలో నేనే అప్పజెప్పుకుంటున్నాను, ఎదురుగా వినేవాళ్ళు లేరు.

ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాను. సరి చూసుకో.

అక్క

*

జులై 3

అక్కా,

సరి చూసుకున్నాను.

ఇక్కడ పదకొండులో చేర్చుకునే ముందు పిల్లతో మాట్లాడతారు. నిన్న ముగ్గురు టీచర్లు కూర్చున్నారు, నన్నూ ఒక మూల కూర్చోమన్నారు. పిట్ట నిలబడే ఉంది. కూర్చోమ్మా అంటే "పర్లేదు మేడమ్" అంది. మార్కుల కాగితం చూసి చాలా బాగుందన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత ఒకావిడ అడిగింది, "ఈ ఏడాదిలో నిన్ను బాగా తొలిచిన ప్రశ్న ఏదైనా ఉందా?" అని.

పిట్ట కలం తీసి, "ఏ పాఠంలోంచి?" అంది.

హాస్యమనుకుని ముగ్గురూ నవ్వారు. ఇది నవ్వలేదు. కలం పట్టుకుని పాఠం పేరు చెబుతారని ఎదురుచూస్తోంది. వాళ్ళ నవ్వు ఒక్కొక్కరి మొహంలోంచే తగ్గిపోయింది. పాత టీచరమ్మ కూడా ఆ ముగ్గురిలో ఉంది. "నీ వాన ప్రశ్న ఏమైంది? అక్కడ వానలు బాగా పడతాయట కదా?" అని మెల్లిగా అడిగింది. "అది సిలబస్‌లో లేదు మేడమ్" అంది నా కూతురు, మర్యాదగా.

చివరికి ఒక కాగితం ఇచ్చారు. ఒక బస్‌స్టాపులో ఏ గంటకి ఎంతమంది ఉన్నారో రాసి ఉంది, ప్రశ్న మాత్రం లేదు. దీని గురించి ఏం తెలుసుకోవచ్చో నువ్వే అడుగు, నువ్వే వెతుకు అన్నారు. నాలుగు పేజీలు నింపిందక్కా. సగటు అంటే ఏమిటి, దాని నిర్వచనం, సూత్రం, రకాలు, ఉపయోగాలు, ఒక్క తప్పు లేకుండా. ఆ బస్‌స్టాపు గురించి ఒక్క ముక్క లేదు.

మళ్ళీ పదో తరగతిలోనే వేశారు. తొంభై ఆరండీ అని నేను దాదాపు అరిచాను. బయట వరండాలో పాత టీచరమ్మ నా పక్కకి వచ్చి, "ఆ పిల్లని ఎక్కడ వదిలేసి వచ్చారు?" అంది. నాకు భూమి చీలిపోతే బాగుండుననిపించింది.

కొయ్యబొమ్మని చెయ్యొద్దని రాశాను. చిన్నగా, ఒక్క వాక్యం రాశాను. నువ్వు చదవలేదా? ఏం చేశావక్కా నా పిల్లని?

*

జులై 24

చెల్లీ,

సంతకం కూడా పెట్టకుండా పంపావు. పోనీలే.

ఏం చేశానో అడిగావు కాబట్టి రాస్తున్నాను. నువ్వు అంకె లేదని ఏడ్చావు, అంకె ఇచ్చాను. ఆ అంకెని ఆసుపత్రికి పట్టుకెళ్ళి ఊరేగించినప్పుడు కొయ్యబొమ్మ కనబడలేదా? ఇంక అడ్డు రానని డిసెంబర్లో రాసింది ఎవరు? ఎదురుగా ఉండి చదివించిన దాన్ని నేను. దూరంగా ఉండి మురిసినదానివి నువ్వు. ఇప్పుడు పాడైందంటే నా ఒక్కదాని చేతిపనా?

ఆ నవ్వుమొహం టీచరమ్మలని చూసి నువ్వు సిగ్గుపడిపోయావు. వాళ్ళేం చేశారో ఒకసారి నిదానంగా చూడు. చక్కగా కూర్చోమని, మర్యాదగా మాట్లాడి, నీ పిల్లని ఒక ఏడాది వెనక్కి నెట్టారు. అది జల్లెడ కాదా? కాకపోతే దాని కన్నాలు పైకి కనబడవు. ఇక్కడ ఏం అడుగుతారో ముందే చెబుతారు. పేదవాడైనా, పనిమనిషి కూతురైనా, పుస్తకం కొనుక్కుంటే అది అందులో ఉంటుంది. అక్కడ వాళ్ళడిగేది ఏ పుస్తకంలోనూ ఉండదు. ఇంట్లో భోజనాల దగ్గర నేర్చుకుని రావాలి. మీ పక్కింటివాడు ఎందుకు అట్టపెట్టెలు మోస్తున్నాడనుకున్నావు? వాళ్ళింట్లో ఆ మాటలు మాట్లాడుకోరు కాబట్టి. నా పిల్ల "ఏ పాఠంలోంచి" అని అడిగిందంటే అది న్యాయమైన మాటే. మీరు నాకు ఎక్కడ నేర్పారని అడిగింది.

నా పిల్ల అని రాశాను. కొట్టెయ్యను, కాగితం పాడవుతుంది.

ఆ ఏడాది నాకెలా గడిచిందో నీకు తెలీదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత పుస్తకం ముందు కూర్చున్నాను. అది చదివిన ప్రతి ముక్కా నేనూ చదివాను. నేను రాయలేకపోయిన పరీక్ష అది. ఈసారి రాశాం. ఇద్దరం రాశాం. అలాంటిదాన్ని పట్టుకుని "ఏం చేశావు" అన్నావు.

పోట్లాడుకున్నది చాలు. హెడ్మాస్టరు ఇంటర్‌లో సీటు ఇప్పిస్తానన్నాడు, ఫొటో ఇంకా గేటుకే ఉంది. అబ్బాయి గది తుడిపించి ఉంచాను. పిల్లని కింది తరగతి పిల్లల మధ్య కూర్చోబెట్టి చంపుకోకు, పంపెయ్యి. పిట్టకి వేరే కాగితం పెట్టాను, అది దానికియ్యి. ఎప్పుడు బయల్దేరాలో, ఏమేం తెచ్చుకోవాలో అందులో రాశాను.

అక్క

*

ఆగస్టు 19

అక్కా,

దానికి పెట్టిన కాగితం ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది.

ముందు నీ మాటకి జవాబు. జల్లెడ అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. ఒప్పుకున్నాను. పక్కింటివాణ్ణి చూస్తే నీ మాటే నిజమనిపిస్తుంది, పిట్టని చూస్తే టీచరమ్మ మాట నిజమనిపిస్తుంది. ఏ దేశం బడి మంచిదో తేల్చేంత చదువు నేను చదువుకోలేదు. నాకు తెలిసింది మందుల పేర్లు.

పిట్ట నీ కాగితం నిలబడి చదివింది. మడిచి జేబులో పెట్టుకుంది. స్టూలు తెచ్చి అటక మీద పెట్టె దించింది. నువ్వు రాసిన వరసలోనే బట్టలు పెట్టడం మొదలెట్టింది.

"వెళ్ళాలనుందా?" అన్నాను.

"పెద్దమ్మ రమ్మందిగా."

"నీకుందా అని అడుగుతున్నానే."

సర్దడం ఆపి నా మొహం చూసింది. జవాబు నా మొహం మీద ఎక్కడైనా రాసి ఉందేమోనని వెతుకుతున్నట్టు చూసింది. "నువ్వు వద్దంటే వెళ్ళను" అంది.

మీ మరిదిగారు గుమ్మంలోనే ఉన్నారు. ఇన్నేళ్ళలో మొదటిసారి "దాని ఇష్టం" అనలేదు. లోపలికి వెళ్ళిపోయారు.

నేను పక్కన కూర్చున్నాను. అదే మెల్లిగా చెప్పింది, "అక్కడ బాగుంటుందమ్మా. ఏం చెయ్యాలో పెద్దమ్మ చెబుతుంది. ఇక్కడ అందరూ నన్ను అడుగుతారు." అడిగితే ఏమవుతుందే అంటే "తెలిసినట్టు చెప్పాలి కదా" అంది.

దాన్ని తిట్టలేదు, నిన్నూ తిట్టుకోలేదు. నాకు నా ఏప్రిల్ ఉత్తరం గుర్తొచ్చింది. నువ్వెలా చెబితే అలా అని రాసింది నేను. నువ్వు పంపు అన్నావు, పంపాను. నలభై మూడేళ్ళొచ్చాయి నాకు.

పంపనక్కా. పదో తరగతిలోనే, తనకంటే చిన్నవాళ్ళ పక్కనే కూర్చుంటుంది. చిన్నతనంగానే ఉంటుంది, ఉండనీ. రోజూ సాయంత్రం ఏం వండమంటావని అడిగి, అది చెప్పేదాకా పొయ్యి వెలిగించడం లేదు. వారం నుంచి "నీ ఇష్టం" అనే అంటోంది. ఇద్దరం ఆకలితో కూర్చుంటున్నాం. చివరికి మీ మరిదిగారు బ్రెడ్డు తెస్తున్నారు.

నాకు రాయి. తిట్టు, దెప్పు, కుళాయి సంగతి రాయి, అన్నీ చదువుతాను. దానికి మాత్రం రాయకు, అక్కా. నువ్వేం రాస్తే అది చేసేస్తుంది.

నీ చెల్లి